ఈస్టర్ భోజనాల బల్లకు నడిమి అలంకరణ

ఈస్టర్ రోజు భోజనాల బల్ల మధ్యలో పెట్టే అలంకరణకు మూడు పనులు ఉంటాయి. చూడగానే ఏ పండుగో తెలియాలి. ఎదురెదురుగా కూర్చున్నవాళ్ల చూపుకు, వడ్డించే చేతికి అడ్డు రాకూడదు. ముందురోజు సాయంత్రం సర్దినది పండుగ మధ్యాహ్నం భోజనాలు ముగిసేదాకా వడలకుండా నిలవాలి. సెంటర్‌పీస్ అనగానే చాలామంది మొదటి పని గురించే ఆలోచిస్తారు. తీరా అలంకరణ చెడిపోయేది మిగతా రెండింటి దగ్గర. పూలు కొన్నాక వాటికి చోటు వెతికితే బల్ల ఇరుకవుతుంది. బల్ల మీద ఎంత చోటు మిగులుతుందో కొలిచి, ఆ చోటుకు సరిపోయే పాత్రను, ఆ పాత్రకు సరిపోయే పూలను ఎంచుకుంటే మూడు పనులూ కుదురుతాయి.

బల్ల మీద మిగిలే చోటు

ఆరుగురు కూర్చునే బల్ల సాధారణంగా 150 నుంచి 180 సెంటీమీటర్ల పొడవు, సుమారు 90 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. హాయిగా తినడానికి ఒక్కొక్కరికి పక్కకు 60 సెంటీమీటర్లు కావాలి. 27 సెంటీమీటర్ల పళ్లెం, బల్ల అంచున వదిలే రెండు మూడు సెంటీమీటర్లు, పళ్లెం ముందు గ్లాసు కలిపితే ఒక్కో వైపు 38 సెంటీమీటర్లు పోతాయి. అంటే 90 సెంటీమీటర్ల బల్ల నడుమ మిగిలేది 14 సెంటీమీటర్ల పట్టీ మాత్రమే. 120 సెంటీమీటర్ల గుండ్రటి బల్లకు ఇదే లెక్క వేస్తే మధ్యలో 44 సెంటీమీటర్ల వృత్తం మిగులుతుంది. అందులో 30 సెంటీమీటర్లకు మించని అలంకరణ పెడితే గిన్నెలకు కూడా చోటుంటుంది.

పొడవాటి బల్లకు ఇంకో చిక్కు ఉంది. బిర్యానీ గిన్నె, కూరలు, పెరుగుచట్నీ కూడా ఆ మధ్య పట్టీలోకే వస్తాయి. దీనికి రెండు దారులు. మొదటిది, ఒకే పెద్ద అలంకరణ బదులు మూడు చిన్నవి పెట్టి, వాటి మధ్య గిన్నెలకు ఖాళీలు వదలడం. రెండోది, అలంకరణ మొత్తాన్ని ఒక పళ్లెంలో అమర్చి, వడ్డన మొదలవగానే పక్క బల్ల మీదికి మార్చడం, భోజనాలయ్యాక కేకుతో పాటు తిరిగి తేవడం. ఎత్తిపెట్టాల్సిన పళ్లెం నీళ్లతో సహా ఒక మనిషి తేలిగ్గా మోయగలిగేలా ఉండాలి.

ఎత్తు విషయంలో సూత్రం ఒకటే: కూర్చున్న మనిషికి ఎదుటివాళ్ల ముఖం కనబడాలి. బల్ల మీద 30 సెంటీమీటర్ల లోపు ఉన్నది పెద్దవాళ్ల చూపుకు అడ్డురాదు. టేపు లేకపోతే బల్ల మీద మోచేయి ఆనించి గడ్డం కింద పిడికిలి పెట్టుకోవాలి. ఆ పిడికిలిని దాటి పువ్వు లేవకూడదు. ఎత్తయినదే కావాలనుకుంటే సన్నటి కాడలాంటి స్టాండు మీద 60 సెంటీమీటర్లకు పైన పూలు ఉంచాలి. అప్పుడు చూపు కింది నుంచి సాగుతుంది. 30 నుంచి 60 మధ్య ఎత్తు ఇంటి బల్లకు పనికిరాదు.

బంధువులు ఎక్కువమంది వచ్చి బఫే పెట్టిన ఇంట్లో ఈ లెక్క మారుతుంది. ఆ బల్ల దగ్గర ఎవరూ కూర్చోరు. అలంకరణను గోడవైపు వెనక్కి జరిపి, ముందు వైపు మాత్రమే పూలు గుచ్చి, ఎంత ఎత్తయినా పెట్టవచ్చు. పూలూ ఆదా అవుతాయి.

రంగులు, గుర్తులు

ఈస్టర్‌కు ముందరి ఉపవాస దినాలైన లెంటు కాలంలో, లితుర్జియా అనే నిర్ణీత ఆరాధన క్రమం పాటించే చర్చిల్లో బలిపీఠం మీద ఊదా రంగు వస్త్రం ఉంటుంది. ఈస్టర్‌తో దాని స్థానంలోకి తెలుపు, బంగారు రంగులు వస్తాయి. పెంతెకొస్తు వరకు సాగే 50 రోజుల ఈస్టర్ కాలానికి తెలుపే రంగు. భోజనాల బల్లకూ ఇదే ఆధారం: తెలుపు ప్రధానం, దానికి తోడు పసుపు లేదా బంగారు రంగు, నేపథ్యంగా ఆకుపచ్చ. మూడు రంగులు దాటితే చూపు ఎక్కడా నిలవదు. జరీ అంచున్న తెల్లటి మంగళగిరి నూలు బట్టను బల్ల పొడవునా సన్నగా పరిస్తే ఈ రంగుల్లో రెండు అప్పటికే వచ్చేస్తాయి. అదే బట్ట అలంకరణకు హద్దుగా కూడా పనికొస్తుంది.

గుర్తుల్లో గుడ్డుది పాత స్థానం. మధ్యయుగపు యూరప్‌లో లెంటు ఉపవాసంలో గుడ్లు తినేవారు కాదు. కోళ్లు మాత్రం పెడుతూనే ఉండేవి. పోగైన గుడ్లు ఈస్టర్ నాడు బల్ల మీదికి వచ్చేవి. పెంకు పగిలి లోపలి జీవం బయటికి రావడాన్ని క్రైస్తవులు తెరుచుకున్న సమాధికి గుర్తుగా చెప్పుకున్నారు. గ్రీకులు ఈస్టర్‌కు ముందరి గురువారం గుడ్లకు క్రీస్తు రక్తానికి గుర్తుగా ఎరుపు వేస్తారు. ఉక్రెయిన్‌లో తేనెమైనంతో గీతలు గీసి, లేత రంగు నుంచి ముదురు రంగుకు ఒక్కొక్కటిగా ముంచి పిసాంకా గుడ్లు తయారుచేస్తారు. ఈ కళను 2024లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. జర్మనీలో కుండీలో నిలిపిన కొమ్మలకు ఖాళీ గుడ్లు వేలాడదీస్తారు. స్వీడన్‌లో బర్చ్ చెట్టు రెమ్మలకు రంగు ఈకలు కడతారు. ఫిన్లాండ్‌లో పళ్లేల్లో రై గడ్డి మొలిపిస్తారు. పోలండ్‌లో వెన్నతోనో పంచదారతోనో చేసిన గొర్రెపిల్ల బల్ల మీదికి వస్తుంది. ఇంగ్లండ్ చర్చిల్లో నాచు, రాళ్లు, చిన్న మొక్కలతో తోటలాగా పేర్చి, దొర్లించిన రాయితో ఖాళీ సమాధిని చూపిస్తారు.

ఇవన్నీ ఒకే బల్ల మీదికి తేవాల్సిన అవసరం లేదు. పూలు కాక ఒక్క గుర్తు చాలు. గుడ్లు ఎంచుకుంటే కుందేలు బొమ్మలు, గొర్రెపిల్లలు, సిలువలు వదిలేయాలి. సమాధి తోట ఎంచుకుంటే రంగు గుడ్లు అక్కర్లేదు.

పాత్ర, ఆధారం

14 సెంటీమీటర్ల పట్టీకి 10 నుంచి 12 సెంటీమీటర్ల వెడల్పున్న లోతైన గిన్నెలు సరిపోతాయి. ఇంట్లో ఉన్న ఇత్తడి గిన్నెలు చింతపండుతో తోమితే బంగారు రంగు బాధ్యత అవే తీసుకుంటాయి. ఇత్తడిలో నేరుగా నీళ్లు పోసి రెండు రోజులు ఉంచితే మచ్చలు పడతాయి కాబట్టి లోపల చిన్న గాజు లేదా ప్లాస్టిక్ డబ్బా పెట్టాలి.

కాడలు నిలబడడానికి బొకేలు కట్టేవాళ్లు ఆకుపచ్చ ఫోమ్ వాడతారు. అది మట్టిలో కలవని ప్లాస్టిక్. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుంచి తన ప్రదర్శనల్లో దాన్ని నిషేధించింది. ఇంటి అలంకరణకు దాని అవసరం కూడా లేదు. కోళ్ల గూళ్లకు వాడే జాలీ ముక్కను ఉండగా నలిపి గిన్నెలో కూరితే కాడలు ఎటు వంచితే అటు నిలుస్తాయి, ఏటా అదే జాలీ వాడుకోవచ్చు. జాలీ లేనప్పుడు గిన్నె మూతికి అడ్డంగా, నిలువుగా సెల్లోటేపు గళ్లు అతికించి, ఒక్కో గడిలో రెండు మూడు కాడలు దించాలి. జపాను పద్ధతిలో పూలు అమర్చేవాళ్లు వాడే ముళ్ల పీట ఉంటే అయిదారు కాడలతోనే పని పూర్తవుతుంది.

పూలు, ఆకులు

పాశ్చాత్య చర్చిల్లో ఈస్టర్‌కు పేరుపడినది తెల్లటి బాకా ఆకారపు లిల్లీ. దాని పుట్టిల్లు జపాన్‌కు చెందిన ర్యూక్యూ దీవులు, తైవాన్. తెలుగు ప్రాంతాల్లో ఈస్టర్ ఎండాకాలంలోనే వస్తుంది. ఆ పండుగ మార్చి 22, ఏప్రిల్ 25 మధ్య ఏదో ఒక ఆదివారం పడుతుంది: 2026లో ఏప్రిల్ 5, 2027లో మార్చి 28. ఆ రోజుల్లో ట్యూలిప్‌లు, డాఫొడిల్‌ల వెంట పడితే డబ్బూ పోతుంది, పూలూ వడలుతాయి. హైదరాబాద్ గుడిమల్కాపూర్‌లోనో, గోదావరి జిల్లాల్లో కడియపులంక బజారులోనో దొరికేవాటితోనే తెలుపు, పసుపు రంగుల్లో మంచి అలంకరణ కుదురుతుంది.

బజారులో లిల్లీ పేరుతో అమ్మే నేలసంపంగిలో రెండు రకాలు ఉంటాయి. విడిపూలుగా తూకానికి అమ్మేది దండలకు. గిన్నెలో నిలబెట్టడానికి కాడతో అమ్మే డబుల్ రకం కావాలి. కింది మొగ్గలు ఒకటి రెండు విచ్చి, పైవి మూసుకుని ఉన్న కాడలు ఎంచుకోవాలి. దీని వాసన గాఢం. తలుపులు మూసిన ఏసీ గదిలో మసాలా వాసనతో పోటీ పడుతుంది. ఒక బల్లకు ఆరు కాడలు మించకూడదు. తెల్ల గులాబీలు రూపం ఇస్తాయి, వాసన తక్కువ. పైనున్న నలిగిన రేకులు ఒకటి రెండు తీసేస్తే పువ్వు కొత్తగా కనిపిస్తుంది. పసుపు రంగుకు జెర్బెరా గానీ చిన్న బంతులు గానీ చాలు. జెర్బెరా కాడ మెత్తనిది, లోతు నీళ్లలో కుళ్లుతుంది. దానికి నాలుగైదు సెంటీమీటర్ల నీళ్లే పెట్టాలి.

మల్లెలకు ఇది మంచి కాలం. తెల్లవారి కోసిన మొగ్గలు సాయంత్రానికి విచ్చుతాయి. ఆదివారం ఉదయం కొన్న మొగ్గలు మధ్యాహ్న భోజనం వేళకు ఇంకా బిగువుగా, తెల్లగా ఉంటాయి. శనివారం సాయంత్రం కొన్న దండ మాత్రం అప్పటికి రంగు మారుతుంది. మొగ్గలను చిన్న గాజు గిన్నెలో పోయడమో, కొవ్వొత్తి స్టాండు చుట్టూ మూరెడు దండ చుట్టడమో చేస్తే సరిపోతుంది.

ఆకుల్లో మనీప్లాంట్, అశోక, మామిడి ఆకులు ఎండను బాగా తట్టుకుంటాయి. మనీప్లాంట్ తీగ నీళ్లలో వారాలపాటు నిలుస్తుంది. పండుగ ముందురోజు పని తగ్గించాలంటే ఆకులన్నీ శుక్రవారమే అమర్చి, శనివారం పూలు మాత్రం గుచ్చవచ్చు. గన్నేరు పువ్వుగా ఎంత అందంగా ఉన్నా దాని ఆకు, కాడ, పువ్వు అన్నీ విషమే. భోజనాల బల్ల మీదికి అది రాకూడదు. బజారు పూల మీద మందులు కొట్టి ఉంటారు గనక రేకులు అన్నం గిన్నెలకు, పళ్లేలకు తగలకుండా చూడాలి.

అమెరికా, బ్రిటన్‌లలో ఉన్న తెలుగువాళ్లకు వసంతపు పూలే చవక. అక్కడ కోసిన కాడలకన్నా కుండీలో పెరిగిన హయసింత్, డాఫొడిల్ మేలు. పండుగయ్యాక వాటిని పెరట్లో నాటవచ్చు. కోసిన డాఫొడిల్ కాడ నుంచి కారే జిగురు పక్కనున్న ట్యూలిప్‌లను పాడుచేస్తుంది. వాటిని ఒక రాత్రి వేరే నీళ్లలో ఉంచి, కాడ మళ్లీ కొయ్యకుండా మిగతా పూలతో కలపాలి. ట్యూలిప్ కాడ గిన్నెలో కూడా పెరుగుతూ వెలుతురు వైపు వంగుతుంది గనక కాస్త పొట్టిగా కొయ్యాలి. ఈస్టర్ లిల్లీ పెడితే పుప్పొడి తిత్తులు ముందే తుంచేయాలి, లేకపోతే తెల్ల బట్ట మీద పోని మరకలు పడతాయి. పిల్లి ఉన్న ఇంట్లో ఈ లిల్లీ అసలే పెట్టకూడదు. దాని పుప్పొడి కూడా పిల్లుల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

ఏ పువ్వునైనా ఇంటికి తేగానే కాడ చివర రెండు సెంటీమీటర్లు ఏటవాలుగా కోసి, నీళ్లలో మునిగే ఆకులు తీసేసి, నీడపట్టున బకెట్ నీళ్లలో కనీసం నాలుగు గంటలు ఉంచాలి. ఈ విశ్రాంతి లేకుండా అమర్చిన పూలే ముందుగా తల వంచుతాయి. గిన్నెలో పోసే నీళ్లకు లీటరుకు ఒక చెంచా పంచదార, రెండు చెంచాల నిమ్మరసం, ఒక చెంచా బ్లీచింగ్ ద్రావణం కలిపితే నీళ్లు త్వరగా పాడవవు. పూల దగ్గర మామిడిపళ్లు, అరటిపళ్లు పెట్టకూడదు. పండే పళ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు పూలను తొందరగా రాల్చేస్తుంది. ఫ్రిజ్‌లో పూలు దాచేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త.

గుడ్లు

ఉడికించిన గుడ్డు బయట రెండు గంటలకు మించి ఉంటే తినకూడదు. 32 డిగ్రీలు దాటిన వేడిలో గంటే గడువు. కాబట్టి అలంకరణకు ఖాళీ పెంకులు, తినడానికి ఫ్రిజ్‌లోని గుడ్లు అని వేరుచేయడం మంచిది.

పెంకు ఖాళీ చేయడానికి రెండు కొసలా సూదితో పొడిచి, అడుగు రంధ్రం కాస్త పెద్దది చేసి, లోపలి పచ్చసొనను సూదితో కదపాలి. పై రంధ్రం నుంచి సూది తీసిన సిరంజితో గాలి కొడితే సొన గిన్నెలోకి దిగుతుంది. నోటితో ఊదితే పచ్చి గుడ్డులోని క్రిములు నోటికి చేరే ప్రమాదం ఉంది. సొన ఆమ్లెట్‌కు పనికొస్తుంది. పెంకును వెనిగర్ కలిపిన నీళ్లతో కడిగి, ఒక రోజు బోర్లించి ఆరబెట్టాలి.

రంగులు వంటింట్లోనే ఉన్నాయి. పది పన్నెండు ఉల్లిపాయల తొక్కలను లీటరు నీళ్లలో అరగంట మరిగించి వడకడితే ఇటుక రంగు వస్తుంది. రెండు పెద్ద చెంచాల పసుపు మరిగిస్తే పసుపు రంగు, ఊదా క్యాబేజీ మరిగిస్తే నీలం. ప్రతిదానికీ రెండు పెద్ద చెంచాల వెనిగర్ కలపాలి. పెంకు రంగు పట్టడానికి అదే ఆధారం. ఉల్లి, పసుపు రంగులకు అరగంట చాలు, క్యాబేజీ నీలానికి ఒక రాత్రి నానాలి. ఖాళీ పెంకు తేలుతుంది గనక పైన చిన్న గిన్నె బరువు పెట్టాలి. ఆకు ముద్ర కావాలంటే తడిపిన కొత్తిమీర రెమ్మను గుడ్డుకు అంటించి, పల్చటి బట్టలో బిగించి కట్టి రంగులో ముంచాలి. విప్పాక ఆకు ఉన్నచోట తెల్లగా మిగులుతుంది. ఆరాక నూనె చుక్కతో తుడిస్తే మెరుపు వస్తుంది.

గుడ్లు నిలవడానికి పచ్చటి గోధుమ గడ్డి పడక కావాలంటే పండుగకు పది రోజుల ముందు గోధుమలు ఒక రాత్రి నానబెట్టి, రెండు అంగుళాల లోతు పళ్లెంలో మట్టి పరిచి ఒకే పొరగా చల్లాలి. ఒత్తుగా చల్లితే వేసవి ఉక్కకు బూజు పడుతుంది. నీడలో ఉంచి రోజుకు రెండుసార్లు నీళ్లు చిలకరిస్తే సమయానికి అందివస్తుంది. ఆలస్యమైతే మెంతులు వేయాలి. అయిదారు రోజుల్లోనే పచ్చబడతాయి.

దీపం

కతోలిక చర్చిల్లో ఈస్టర్ ముందటి శనివారం రాత్రి జాగరణలో పెద్ద తెల్లటి పాస్కా కొవ్వొత్తి వెలిగిస్తారు. దాని మీద సిలువ, ఆల్ఫా ఒమేగా అక్షరాలు, ఆ సంవత్సరపు అంకెలు ఉంటాయి. ఆ వెలుగును ఇంటి బల్ల మీదికి తెచ్చేదిగా ఒక లావుపాటి తెల్ల కొవ్వొత్తి చాలు. వాసన కలిపినవి భోజనాల దగ్గర పెట్టకూడదు. సీలింగ్ ఫ్యాన్ కింద విడి కొవ్వొత్తి నిలవదు, మైనం ఒకవైపే కారుతుంది. మంటకన్నా కనీసం అయిదు సెంటీమీటర్లు ఎత్తున్న గాజు చిమ్నీలో ఉంచాలి. గడ్డి, దండలు, బట్ట అంచులు ఆ గాజుకు తగలకూడదు. చిన్నపిల్లలున్న ఇంట్లో బ్యాటరీ కొవ్వొత్తి మేలు.

ఒక నమూనా

180 సెంటీమీటర్ల పొడవు, 90 సెంటీమీటర్ల వెడల్పున్న బల్లకు, ఆరుగురికి:

1. జరీ అంచు తెల్ల బట్టను నడిమధ్య పొడవునా పరవాలి.
2. సరిగ్గా మధ్యలో చిమ్నీతో కొవ్వొత్తి, దాని పక్కన విడిగా చిన్న గిన్నెలో మల్లెమొగ్గలు.
3. కొవ్వొత్తికి అటూ ఇటూ 45 సెంటీమీటర్ల దూరంలో ఒక్కో 12 సెంటీమీటర్ల ఇత్తడి గిన్నె. ఒక్కోదానిలో జాలీ, మూడు నేలసంపంగి కాడలు, అయిదు తెల్ల గులాబీలు, రెండు పసుపు జెర్బెరాలు, గిన్నె అంచు కప్పేలా మనీప్లాంట్ ఆకులు. పాత్రతో కలిపి ఎత్తు 25 సెంటీమీటర్లు దాటకూడదు.
4. కొవ్వొత్తికి, గిన్నెలకు మధ్య ఖాళీలు వడ్డించే గిన్నెలకు.
5. బల్ల రెండు చివర్లలో చిన్న గడ్డి పళ్లెంలో మూడేసి రంగు గుడ్లు. బల్ల చివరన కూడా ఎవరైనా కూర్చుంటే ఈ పళ్లేలు పక్క బల్ల మీదికి వెళ్లాలి.

గిన్నెలో ముందు ఆకులతో ఆకారం తేవాలి, తర్వాత గులాబీలు వేర్వేరు ఎత్తుల్లో, చివర నేలసంపంగి. ఒక్కో వైపు కూర్చుని చూసి, వెనక భాగం ఖాళీగా కనిపిస్తే సరిదిద్దాలి.

పనుల క్రమం

పది రోజుల ముందు గడ్డి వేయడం, వారం ముందు పళ్లేలు, గ్లాసులు పెట్టి బల్ల కొలవడం, మూడు నాలుగు రోజుల ముందు గుడ్లకు రంగు వేయడం పూర్తి కావాలి. శుభ శుక్రవారం మధ్యాహ్నం చాలా ఇళ్లు చర్చిలోనే ఉంటాయి కాబట్టి ఆ రోజుకు ఆకుల పని తప్ప ఏమీ పెట్టుకోకూడదు. శనివారం ఎండెక్కకముందే పూలు తెచ్చి బకెట్‌లో ఉంచి, సాయంత్రం చల్లబడ్డాక అమర్చాలి. రాత్రి ఫ్యాన్ గాలి తగలని చల్లటి మూలన పెట్టాలి. ఆదివారం చాలా ఊళ్లలో తెల్లవారకముందే సమాధుల దగ్గరికి, ఆరాధనకు బయలుదేరతారు. తిరిగొచ్చాక మిగిలేది గిన్నెల్లో నీళ్లు నింపడం, మల్లెమొగ్గలు పోయడం, కొవ్వొత్తి వెలిగించడం. పది నిమిషాలకు మించిన పని ఆ ఉదయానికి మిగలకూడదు.

పండుగ తర్వాత

నేలసంపంగి, గులాబీలను రోజూ నీళ్లు మార్చి, కాడ చివర కొంచెం కోస్తూ ఉంటే మరో రెండు మూడు రోజులు వస్తాయి. వడలినవి తీసేసి ఆకులతో అదే గిన్నెను కొనసాగించవచ్చు. 50 రోజుల ఈస్టర్ కాలమంతా కొవ్వొత్తిని, గుడ్ల పళ్లేన్ని బల్ల మీద ఉంచేవాళ్లకు వారానికోసారి నాలుగు తాజా పూలు చాలు. గడ్డి పెరిగితే కత్తిరించాలి, పసుపుబారితే మట్టితో సహా మొక్కల కుండీలో కలపాలి. రంగు పెంకులను దూదిలో చుట్టి గుడ్ల అట్టపెట్టెలో దాచాలి. జాలీ ఉండను కడిగి ఆరబెట్టాలి. బల్ల కొలతలు, ఎన్ని కాడలు పట్టాయో ఒక చీటీ మీద రాసి అదే పెట్టెలో వేస్తే మరుసటి ఏడాది లెక్క మళ్లీ మొదటి నుంచి చూడనక్కర్లేదు.